కళ్ల ముందు దోమలు: ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు

తెనాలి నుంచి రేపల్లె దాకా, అక్కణ్ణుంచి నగరం మండలం మీదుగా బాపట్ల దాకా ఏ ఊళ్లో అడిగినా కంటిజబ్బు అనగానే ముందు వచ్చే మాట శుక్లం. దానికి వైద్యం ఉందని, ఆపరేషన్ చేసి లెన్స్ వేస్తారని, మర్నాటికల్లా ఇంటికి పంపిస్తారని అందరికీ తెలుసు. ఎప్పుడు చేయించుకోవాలో కూడా ఇంట్లోవాళ్లే తేల్చుకుంటారు. కోతలయ్యాక, సంక్రాంతి వెళ్లాక, మనవరాలి పెళ్లయ్యాక, ఎండలు తగ్గాక. చాలామందిలో శుక్లం అలా ఆగుతుంది కూడా. మూడు నెలలు ఆలస్యమైనా ఆపరేషన్ తర్వాత వచ్చే చూపులో పెద్ద తేడా ఉండదు.

ఈ తెలివిడి ఊరికే రాలేదు. దీని వెనక చాలామంది కష్టం ఉంది. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వ్యవస్థాపకుడు డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు మన గుంటూరు వైద్య కళాశాలలో చదివినవారే. ఆ సంస్థ 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్‌లోనూ, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెల్లోనూ పది వేల మందికి పైగా జనం కళ్లు పరీక్షించి పెద్ద సర్వే చేసింది. చూపు పోయినవాళ్లలో సుమారు 44 శాతం మందికి శుక్లమే కారణమని తేలింది. కాబట్టి శిబిరాలు, ఊరికి వచ్చే ఆసుపత్రి బస్సులు, ఉచిత ఆపరేషన్లు, ఆ తర్వాత కంటి వెలుగు పథకాలు అన్నీ శుక్లం చుట్టూ, కళ్లజోళ్ల చుట్టూ తిరిగాయి. అలా తిరగడమే న్యాయం. వేలమందికి చూపొచ్చింది.

అయితే శుక్లం నేర్పిన ఈ ఓపికను మనం అన్ని కంటిజబ్బులకూ వాడేస్తున్నాం. రోజుల లెక్కన, ఒక్కోసారి గంటల లెక్కన చూపు తీసే జబ్బు ఒకటుంది. దానికి నొప్పి లేదు, ఎర్రదనం లేదు, నీరు కారదు. అది మొదలయ్యేటప్పుడు రోగి చెప్పే మాట ఒక్కటే: ‘కళ్ల ముందు దోమలు ముసురుతున్నట్టు ఉందండీ.’ చిక్కు ఎక్కడంటే, ఇదే మాట చెప్పే వందల మందికి ఏ ప్రమాదమూ ఉండదు. వాళ్లకు కనిపించేవి నిజంగానే ఏ హానీ చేయనివి. ఈ అధ్యాయమంతా ఆ రెంటినీ విడదీయడం గురించే.

ఇద్దరు మనుషుల్ని ఊహించుకుందాం. ఒకరు తెనాలి నుంచి వెళ్లి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఇరవై ఆరేళ్ల అబ్బాయి. చిన్నప్పటి నుంచి సైటుంది, మైనస్ 5 పవర్. తెల్లటి స్క్రీన్ మీద ఒక పురుగులాంటి నీడ నాలుగేళ్లుగా కదులుతోంది. నిద్రపట్టక రాత్రంతా ఫోన్‌లో దాని గురించే వెతుకుతాడు, ఏడాదిలో ముగ్గురు డాక్టర్లను మారుస్తాడు, చుక్కల మందులు కొంటాడు. రెండోవారు నగరం మండలంలోని పల్లెలో యాభై ఎనిమిదేళ్ల రైతు. రెండేళ్ల కిందట కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మొన్న సాయంత్రం ఉన్నట్టుండి ఆ కంటి ముందు మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు రాలాయి. రాత్రి పెరట్లోకి వెళ్తే కంటి చివర తెల్లగా మెరిసింది. ఆపరేషన్ అయిన కన్ను కదా, ఇంకేమవుతుంది అనుకున్నారు. ఆర్ఎంపీ దగ్గర బలానికి సూది వేయించుకున్నారు. వరి కోత మిషన్ రెండు రోజుల్లో వస్తుంది, అది అయ్యాక చూద్దామనుకున్నారు. భయపడాల్సిన అవసరం లేనివాడు భయపడుతున్నాడు. పరుగెత్తాల్సిన మనిషి గట్టు మీద కూర్చున్నారు.

అసలు ఆ చుక్కలేమిటో చూద్దాం. కంటిగుడ్డు అడ్డంగా సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ముందు భాగంలో లెన్స్, వెనక గోడకు లోపలివైపు రెటీనా అనే పలచటి పొర ఉంటాయి. మనం చూసే బొమ్మ పడేది ఆ పొర మీదే. దాని మందం మిల్లీమీటరులో పావువంతు. లెన్స్‌కూ రెటీనాకూ మధ్య ఉన్న గదంతా, అంటే కంటి పరిమాణంలో అయిదింట నాలుగు వంతులు, లేత తాటిముంజెలా పారదర్శకంగా ఉండే జెల్‌తో నిండి ఉంటుంది. దాన్ని విట్రియస్ అంటారు. మొత్తం నాలుగు మిల్లీలీటర్లు. అందులో 98 శాతానికి పైగా నీరే. ఆ నీటిని జెల్‌గా నిలబెట్టేవి రెండు: కంటికి కనిపించనంత సన్నటి కొల్లాజెన్ పోగులు, వాటి మధ్య నీటిని పట్టి ఉంచే హయలురోనిక్ ఆమ్లం.

పసితనంలో ఈ జెల్ గట్టిగా, ఒకే తీరుగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అక్కడక్కడా కరిగి నీరవుతుంది. నీరు వేరుపడిన చోట పోగులు ఒకదాన్నొకటి అంటుకుని ముడులు పడతాయి. వెలుగు ఆ ముడుల మీదుగా వెళ్లినప్పుడు వాటి నీడ రెటీనా మీద పడుతుంది. మనకు కనిపించే దోమ, ఈగ, వెంట్రుక, సాలెపోగు ఆ నీడే. సైటున్నవాళ్ల కన్ను మామూలు కంటే పొడుగ్గా సాగి ఉంటుంది కాబట్టి జెల్ ముందే కరగడం మొదలెడుతుంది. తెనాలి అబ్బాయికి ఇరవైల్లోనే పురుగు కనిపించడానికి కారణం అది. గుంటూరు, విజయవాడ హాస్టళ్లలో పొద్దున్నుంచి రాత్రి దాకా పుస్తకం మీద వంగి చదివిన తరం పిల్లల్లో సైటు ఎంత పెరిగిందో మనకు తెలుసు. కాబట్టి ఈ ఫిర్యాదు ముందు ముందు ఇంకా చిన్న వయసులోనే వింటాం.

మీ కంట్లో ఉన్నవి మీరే చూడొచ్చు. అట్టముక్కకు గుండుసూదితో ఒక బెజ్జం పెట్టండి. ఒక కన్ను మూసి, ఆ అట్టను రెండో కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని, సూర్యుడు లేని వైపు తెల్లటి ఆకాశంలోకి చూడండి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకండి. కాసేపటికి వెలుగు గుండ్రంలో దారాలు, గొలుసులు, చిన్న చిన్న సున్నాలు తేలుతూ కనిపిస్తాయి. కన్ను పైకి తిప్పితే అవీ పైకి పోతాయి. కన్ను ఆపితే ఒక క్షణం ఇంకా జారి, మెల్లగా కిందికి దిగుతాయి. వాటినే గురిపెట్టి చూద్దామంటే తప్పుకుంటాయి. కంటితో పాటు జెల్, జెల్‌తో పాటు ముడి కదులుతున్నాయి మరి. ఇరవయ్యేళ్ల ఆరోగ్యవంతుడికి కూడా ఇవి కొన్నైనా కనిపిస్తాయి.

బెజ్జం ఎందుకంటే, సన్నటి మూలం నుంచి వచ్చే వెలుగు నీడను పదునుగా గీస్తుంది. ఎండలో కంటిపాప చిన్నదైనప్పుడు జరిగేదీ ఇదే. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల గట్టు మీద మిట్టమధ్యాహ్నం నిలబడి నీటి మీది తెల్లటి తళతళను చూసేవాళ్లకు ఈ నీడలు స్పష్టంగా కనిపించి, సాయంత్రం ఇంటికొచ్చాక మాయమవుతాయి. జబ్బు పగలు పెరిగి రాత్రి తగ్గిందని కంగారుపడనక్కర్లేదు. వెలుగులోనే తేడా. నీలాకాశంలోకి చూసినప్పుడు మెరిసే చిన్న చుక్కలు గబగబా వంకరటింకరగా పరుగెత్తి మాయమవుతుంటే అవి అసలు ఈ కోవకే చెందవు. రెటీనా ముందు పొరల్లోని సన్నటి రక్తనాళాల్లో తెల్ల రక్తకణాలు పోతున్నప్పుడు అలా కనిపిస్తుంది. ఆ చుక్కలు ప్రతి కంట్లోనూ ఉంటాయి, వాటితో ఏ ప్రమాదమూ లేదు.

ఇవి కొత్తగా పుట్టిన బాధలు కావు. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రంలో తిమిరం అనే దృష్టిదోషం వర్ణించినచోట రోగికి లేని ఈగలు, దోమలు, వెంట్రుకలు, వలలు కనిపిస్తాయని ఉంది. ఈరోజు రేపల్లెలో రోగి చెప్పే మాటలూ దాదాపు అవే. అయితే బతికున్న మనిషి కంటిలోపలికి తొంగిచూసే సాధనం అప్పట్లో ఎవరికీ లేదు. 1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోప్ కనిపెట్టే దాకా రెటీనా ఎలా ఉందో వైద్యుడికి కనిపించేదే కాదు. అంతవరకూ హాని లేని నీడా, చూపు తీసే నీడా ఒకే పేరు కింద కలిసిపోయి ఉండటంలో వింతేమీ లేదు.

ఇక ప్రమాదం వైపు వద్దాం. సాధారణంగా యాభై దాటాక, డెబ్భై లోపు, కరిగి కరిగి పట్టుతప్పిన జెల్ ఒకనాడు రెటీనా నుంచి వెనకవైపు ఊడి ముందుకు జరుగుతుంది. ఇది జుట్టు నెరవడంలాగే వయసుతో వచ్చే మార్పు, చాలామందికి చివరికి జరిగేదే. కొందరికి తెలియకుండానే జరిగిపోతుంది. తెలిసినవాళ్లకు మాత్రం ఉన్నట్టుండి తెలుస్తుంది. కంటి వెనక నరం దగ్గర జెల్ అంటుకుని ఉన్న గుండ్రటి అంచు ఊడి, సున్నాలాంటి పెద్ద మచ్చగా తేలుతూ వస్తుంది. దాంతో పాటు మెరుపులు. జెల్ ఊడుతూ రెటీనాను గుంజినప్పుడల్లా రెటీనా ఆ గుంజుడుకు వెలుగుతోనే బదులిస్తుంది. దానికి తెలిసిన భాష వెలుగొక్కటే. నొప్పి తెలిపే నరాలు అందులో లేవు. అందుకే చీకట్లో, కన్ను అటూ ఇటూ తిప్పినప్పుడు, ఒక పక్క అంచున లైటు వెలిగి ఆరినట్టు అవుతుంది.

తలనొప్పికి ముందు కొందరికి వచ్చే మైగ్రేన్ మెరుపులు వేరు. అవి పళ్లపళ్లుగా, వంకరగీతలుగా రెండు కళ్లలోనూ కనిపించి, మెల్లగా వ్యాపించి, ఇరవై ముప్పై నిమిషాల్లో తగ్గిపోతాయి. ఒక్కో కన్ను మూసి చూసుకుంటే తేడా తెలుస్తుంది. మెరుపు ఒక్క కంట్లోనే ఉంటే రెటీనా వైపు అనుమానించాలి.

ఎక్కువమందిలో జెల్ శుభ్రంగా ఊడిపోతుంది. మెరుపులు కొద్ది వారాల్లో తగ్గుతాయి, మచ్చ కొన్ని నెలల్లో పక్కకు జరుగుతుంది. కానీ జెల్ గట్టిగా అతుక్కున్న చోట ఊడిరాక రెటీనానే చీల్చుకుని వస్తే కథ మారుతుంది. కొత్తగా చుక్కలు, మెరుపులు వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లలో, కాస్త అటూ ఇటూగా పదిమందిలో ఒకరికి అలాంటి చిరుగు దొరుకుతుంది. చిరిగేటప్పుడు సన్నటి రక్తనాళం తెగితే రక్తకణాలు జెల్‌లోకి చిమ్ముతాయి. రైతుకు మిరియాలు చల్లినట్టు కనిపించింది అదే. ఒక పెద్ద దోమ కంటే లెక్కలేనన్ని చిన్న చుక్కలు ఒక్కసారిగా రాలడం ఎక్కువ ప్రమాదానికి గుర్తు.

చిరుగు పడిన తర్వాత కరిగిన జెల్ నీరు ఆ చిరుగులోంచి రెటీనా వెనక్కి చేరి, దాన్ని గోడ నుంచి ఎత్తడం మొదలెడుతుంది. రెటీనాలో వెలుగును పట్టే కణాలకు ఆహారం, ప్రాణవాయువు అందేది ఆ వెనక గోడ నుంచే. గోడను వదిలిన కణం ఆకలితో చచ్చిపోతుంది. ఎత్తిన మేర చూపు ఉండదు. ఒక పక్క నుంచి నల్లటి తెర దిగినట్టో, కింది నుంచి గోడ లేచినట్టో కనిపిస్తుంది. రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి పైనుంచి తెర దిగుతుంటే రెటీనా కింద ఊడిందనీ, కింది నుంచి నీడ లేస్తుంటే పైన ఊడిందనీ అర్థం. పైన ఊడితే నీరు బరువుకు త్వరగా జారి మధ్యభాగానికి వచ్చేస్తుంది. ఆ మధ్యభాగమే మాక్యులా. అక్షరం చదివేది, మనిషి ముఖం గుర్తుపట్టేది, సూదిలో దారం ఎక్కించేది దానితోనే. తెర అక్కడికి చేరకముందు ఆపరేషన్ జరిగితే చూపు చాలావరకు నిలుస్తుంది. చేరాక జరిగితే రెటీనా తిరిగి అతికినా పాత చూపు పూర్తిగా రావడం అరుదు. శుక్లానికీ దీనికీ తేడా అంతా ఇక్కడే ఉంది. శుక్లంలో అద్దం మసకబారుతుంది, అద్దం మారిస్తే సరి. ఇక్కడ చచ్చిన కణాన్ని మార్చే వైద్యం ఇంతవరకు లేదు.

వందేళ్ల కిందట అయితే తొందరపడినా ఉపయోగం ఉండేది కాదు. రెటీనా ఊడితే ఆ కన్ను పోయినట్టే. నెలల తరబడి మంచం మీద కదలకుండా పడుకోబెట్టేవారు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో జూల్ గోనిన్ అనే డాక్టరు మాత్రం ఊడడానికి మూలం చిరుగేనని పట్టుబట్టాడు. తెర మొదట ఏ వైపు కనిపించిందో రోగిని గుచ్చి గుచ్చి అడిగి, ఆఫ్తాల్మోస్కోప్‌తో చిరుగు వెతికి, కంటిగుడ్డు మీద సరిగ్గా ఆ చోటు లెక్కగట్టి, ఎర్రగా కాల్చిన మొనతో అక్కడ వాత పెట్టి మూసేవాడు. తోటి డాక్టర్లు ఏళ్ల తరబడి నమ్మలేదు. 1929లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ నేత్రవైద్య సదస్సు నాటికి ఒప్పుకోక తప్పలేదు. గోనిన్ 1935లో చనిపోయాడు. ఈరోజు విజయవాడలోనైనా, హైదరాబాద్‌లోనైనా రెటీనాకు లేజర్ చేసే ప్రతి డాక్టరూ చేస్తున్నది ఆయన చెప్పిన పనే: చిరుగు వెతుకు, మూసెయ్. అందుకే ‘నీడ ముందు ఎటు నుంచి వచ్చిందండీ?’ అని డాక్టరు అడిగితే ఆలోచించి చెప్పండి. గుర్తులేకపోతే లేదనే చెప్పండి.

చిరుగు మాత్రమే ఉండి రెటీనా ఊడకపోతే వైద్యం ఎంత తేలికో చాలామందికి తెలియదు. కోత లేదు, మంచం లేదు. చుక్కల మందుతో కన్ను మొద్దుబారేలా చేసి, కుర్చీలో కూర్చోబెట్టి, చిరుగు చుట్టూ లేజర్‌తో రెండు మూడు వరుసల చుక్కలు వేస్తారు. పది పదిహేను నిమిషాల పని. ఆ చుక్కలు గట్టిపడి మచ్చకట్టి చిరుగు చుట్టూ గట్టు వేసినట్టు అవడానికి రెండు వారాలు పడుతుంది. చుక్కలు, మెరుపులతో బయటపడిన చిరుగును అలా వదిలేస్తే సుమారు సగం మందిలో రెటీనా ఊడుతుంది. లేజర్ చేయించుకున్నవాళ్లలో నూటికి అయిదుగురికి మించదు. ఊడిపోయాక అయితే థియేటర్‌లోకి వెళ్లాల్సిందే. కంటి బయట సిలికాన్ పట్టీ కట్టడమో, లోపలి జెల్ తీసేసి గ్యాసో, నూనో నింపడమో చేస్తారు. గ్యాస్ పెడితే రోజుల తరబడి డాక్టరు చెప్పిన తీరులో, చాలాసార్లు బోర్లా, పడుకోవాలి, అది కరిగే దాకా విమానం ఎక్కకూడదు. ఒక్క ఆపరేషన్‌తో రెటీనా తిరిగి అతుక్కునేది పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి. పావుగంట లేజర్‌తో పోయేది పెద్ద ఆపరేషన్ దాకా రావడానికి మధ్యలో ఉన్నది చాలాసార్లు వారం రోజుల ‘చూద్దాంలే’ మాత్రమే.

ఎవరు మరీ జాగ్రత్తగా ఉండాలి? మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లు. కంటికి దెబ్బ తగిలినవాళ్లు, అది బంతి అయినా, కొడవలి పిడి అయినా. ఒక కంట్లో రెటీనా ఊడినవాళ్లు, లేదా ఇంట్లో ఎవరికైనా ఊడినవాళ్లు. శుక్లం ఆపరేషన్ అయినవాళ్లు. ఈ చివరి మాట మన ప్రాంతంలో గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆపరేషన్ అయిన కన్ను బాగైన కన్నని, దానికి ఇక ఢోకా లేదని నమ్మకం. నిజానికి లెన్స్ మార్చాక జెల్ ఊడడం కొంత వేగమవుతుంది, రెటీనా ఊడే అవకాశమూ మునుపటి కంటే పెరుగుతుంది. నూటికి ఒక్కరికి కూడా జరగదు కాబట్టి ఆపరేషన్‌కు భయపడాల్సిన పనిలేదు. కానీ చుక్కలు రాలితే ఆ కన్నే ముందు చూపించుకోవాలి. ఇంకో సంగతి. శుక్లం తీయగానే అప్పటిదాకా మసకలో దాగిన పాత నీడలు తేటగా కనిపిస్తాయి. కట్టు విప్పిన రోజు నుంచే ఒకటి రెండు మచ్చలు కనిపించి అలాగే ఉంటే చాలావరకు అవి ఇవే. అయినా మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు చెప్పాలి.

షుగర్ ఉన్నవాళ్ల లెక్క పూర్తిగా వేరు. ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్ రెటీనాలో కొత్త రక్తనాళాలు మొలిపిస్తుంది. అవి బలహీనమైనవి, తేలిగ్గా చిట్లుతాయి. అప్పుడు కంటి ముందు పొగ కమ్మినట్టు, ఎర్రటి నల్లటి బూజు వేలాడుతున్నట్టు అవుతుంది. యువకుల్లో, ముఖ్యంగా ఇరవై నుంచి నలభై మధ్య మగవాళ్లలో, ఏ షుగరూ లేకుండా కంట్లో మళ్లీ మళ్లీ రక్తం చిమ్మే జబ్బు ఇంకొకటి ఉంది. 1880లో బర్మింగ్‌హామ్ డాక్టర్ హెన్రీ ఈల్స్ వర్ణించాడు కనుక ఈల్స్ జబ్బు అంటారు. పడమటి దేశాల కంటే మన దేశంలో ఎక్కువ. క్షయతో దానికి సంబంధం ఉందని వైద్యులు చాలాకాలంగా అంటున్నారు. కుర్రవాడే కదా, కంప్యూటర్ ఎక్కువ చూసి ఉంటాడు అని తోసేయకూడని సందర్భం అది.

ఇప్పుడు నగరం మండలంలో ఉన్న మనిషి ఏం చేయాలి? కళ్లజోళ్ల షాపులో పవర్ పరీక్షతో ఇది తేలదు. శిబిరంలో టార్చిలైటు వేసి చూసినా తేలదు. చిరుగులు సాధారణంగా రెటీనా అంచుల్లో పడతాయి. కంటిపాపను చుక్కల మందుతో పెద్దది చేసి, డాక్టరు తలకు లైటు కట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని, కావాలంటే కనురెప్ప మీదుగా సన్నటి కడ్డీతో కంటిగుడ్డును కొద్దిగా నొక్కి చూస్తేనే ఆ అంచులు కనిపిస్తాయి. ఆ నొక్కుడు కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అరనిమిషం ఓర్చుకుంటే చాలు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘కంటి డాక్టరు ఉన్నారా’ అని కాదు, ‘పాప పెద్దది చేసి రెటీనా అంచుల దాకా చూసే డాక్టరు ఈరోజు ఉన్నారా’ అని. తెనాలిలోనో, బాపట్లలోనో దగ్గర్లో ఉన్న కంటి డాక్టరు ఆ పరీక్ష చేయగలిగితే ముందు అక్కడికే వెళ్లొచ్చు. లేదంటే గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి, గుంటూరు దగ్గర పెదకాకానిలోని శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ దగ్గర తాడిగడపలోని ఎల్.వి.ప్రసాద్ ఆసుపత్రి ఉన్నాయి. పొద్దున్నే రేపల్లెలో బండెక్కితే ఇవన్నీ ఆ పూటకే అందే దూరాలు.

ఫోన్ చేసినప్పుడు ఎలా చెబుతారన్నది చాలా ముఖ్యం. ‘కళ్లు చూపించుకోవాలండీ’ అంటే అవతలివాళ్లు వచ్చే వారం రమ్మనొచ్చు, వాళ్ల తప్పేమీ లేదు. ‘నిన్న సాయంత్రం నుంచి కుడి కంట్లో కొత్తగా నల్లచుక్కలు రాలుతున్నాయి, పక్కన మెరుపులు వస్తున్నాయి, నాకు శుక్లం ఆపరేషన్ అయింది’ అని చెబితే ఆ రోజే రమ్మంటారు. చుక్కలు, మెరుపులు కొత్తగా వస్తే ఆ రోజు, కుదరకపోతే మర్నాడు. తెర దిగినట్టు ఉన్నా, చూపు తగ్గినట్టు ఉన్నా రాత్రని, ఆదివారమని చూడకుండా బయల్దేరాలి. మీరు బండి నడపకండి, పాప పెద్దదైన తర్వాత నాలుగైదు గంటలు అంతా మసకగా, ఎండ భరించలేనట్టు ఉంటుంది. ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. పాత కళ్లజోడు చీటీ, షుగర్ మందుల చీటీ, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు చేతిలో పెట్టుకోండి. ఆపరేషన్ అవసరమైతే ఆ పథకం కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగొచ్చు. ఇంకో కన్ను మూసి ఒక్కో కంటితో చూసుకునే అలవాటు ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పండి. రెండు కళ్లూ తెరిచి ఉంటే బాగున్న కన్ను బాగాలేని కన్ను లోటు కప్పేస్తుంది, తెర సగం దిగినా తెలియదు.

ఇక బెంగళూరు అబ్బాయి దగ్గరికి. ఒకసారి పాప పెద్దది చేసి రెటీనా అంతా చూసి బాగుందన్నాక, ఆ పాత పురుగు అలాగే ఉంటే అతనికి ఏ మందూ అక్కర్లేదు. దాన్ని కరిగించే చుక్కల మందు లేదు, మాత్ర లేదు, కంటి వ్యాయామం లేదు. ఉందని అమ్మేవాళ్లు ఉన్నారు, కొనకండి. లేజర్‌తో ఆ ముడుల్ని పగలగొట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి, ఆధారాలు ఇంకా బలంగా లేవు. జెల్ మొత్తం తీసేసే ఆపరేషన్ ఉంది, మచ్చలు పోతాయి కూడా. కానీ దాని వెంట శుక్లం త్వరగా రావడం, రెటీనా చిరగడం, అరుదుగా కంట్లో చీము పట్టడం ఉన్నాయి. పని చేసుకోనివ్వనంత బాధ ఉన్న కొద్దిమందికి తప్ప దాన్ని డాక్టర్లు సూచించరు. వాళ్లు జాగ్రత్తపడటం నాకు సబబుగానే అనిపిస్తుంది.

అంతమాత్రాన అతని బాధ ఉత్తదే అనలేం. కనిపిస్తున్నది నిజంగా అక్కడ ఉన్న వస్తువు నీడే. రోజంతా తెల్లటి తెర ముందు కూర్చునే ఉద్యోగం దాన్ని మరీ ఎత్తిచూపుతుంది. మెదడుకు ఒక గుణం ఉంది: ఎప్పుడూ ఉండే, అర్థం లేని సమాచారాన్ని కొన్నాళ్లకు పట్టించుకోవడం మానేస్తుంది. మన ముక్కు ఎప్పుడూ మన చూపులోనే ఉన్నా దాన్ని చూడం కదా. అయితే ప్రమాదమని మెదడుకు అనిపించిన దాన్ని అది వదలదు. పొద్దున లేవగానే గోడ వైపు చూసి పురుగు ఉందో లేదో చూసుకునే అలవాటు దాన్ని రోజూ కొత్తగా గుర్తుచేస్తుంది. స్క్రీన్ వెలుగు తగ్గించి, తెల్ల నేపథ్యాన్ని ముదురు రంగుకు మార్చి, ఎండలో చలువ కళ్లజోడు పెట్టుకుని, ఆ గోడ పరీక్ష మానేస్తే చాలామందికి కొన్ని నెలల్లో అది పక్కకు పోతుంది. భయం మనసును మరీ నమిలేస్తుంటే, నిద్ర పోతుంటే, ఆ భయానికి విడిగా వైద్యం తీసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అతను ఒకటి గుర్తుంచుకోవాలి. పాత పురుగు గురించి డాక్టరు ఇచ్చిన భరోసా పాత పురుగుకే చెల్లుతుంది. మైనస్ 5 ఉన్న కన్ను అది. కొత్తగా చుక్కలు రాలినా, మెరుపు వచ్చినా మొన్ననే చూపించుకున్నానుగా అని ఊరుకోకూడదు.

పరీక్షలో ఏ చిరుగూ లేదని తేలినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. జెల్ ఊడడం ఒక్కరోజులో పూర్తికాదు. మొదటిరోజు బాగున్నవాళ్లలో నూటికి ఒకరిద్దరికి తర్వాతి వారాల్లో చిరుగు పడుతుంది. అందుకే నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ రమ్మంటారు, మొదటిసారి కంట్లో రక్తం కనిపిస్తే ఇంకా ముందే రమ్మంటారు. ఆ రెండో రాక చాలామంది ఎగ్గొడతారు. బస్సు చార్జీ, పని దినం, తోడు వచ్చేవాళ్ల కూలి అన్నీ లెక్కేసుకుని బాగానే ఉంది కదా అనుకుంటారు. ఆ లెక్క నాకూ అర్థమవుతుంది, అయినా వెళ్లమనే చెబుతాను. ఒక కంట్లో జెల్ ఊడిన తర్వాత రెండో కంట్లో కూడా తరచు ఒకటి రెండేళ్లలో ఊడుతుంది. అప్పుడు మళ్లీ అవే చుక్కలు, అవే మెరుపులు వస్తాయి. పోయినసారి ఏమీ కాలేదు కాబట్టి ఈసారీ కాదన్న హామీ లేదు. ఆ కన్నూ కొత్తగా చూపించుకోవాల్సిందే, అదే రోజు.